కడబంతి దాకా అందాలి: నిరాశ్రయులకు భోజనం వడ్డించడానికి వెళ్లే విద్యార్థులకు

ఆదివారం పూట ఇరవై మంది విద్యార్థులు ఒకే రంగు టీషర్టులు వేసుకుని, రెండు ఆటోల్లో అన్నం పొట్లాలు తెచ్చి, అరగంటలో పంచేసి, ఫొటో దిగి వెళ్లిపోవడం కర్నూలులో చాలాసార్లు చూశాను. ఒకప్పుడు ఆ ఇరవై మందిలో నేనూ ఒకడిని కాబట్టి వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు పెద్దగా లేదు. ఆకలి తీరింది, అంతవరకు మంచిదే. కానీ పెళ్లిలో మేనమామ బంతి పొడవునా తిరుగుతూ 'ఇంకొంచెం వేయనా' అని వడ్డించే తీరు వేరు, పొట్లం చేతిలో పెట్టి ముందుకు సాగిపోయే తీరు వేరు. మేనమామలాగా వడ్డించడం నేర్చుకోవాలనుకునేవారికి ఈ నాలుగు మాటలు.

ఆ తేడా నాకు తెలిసింది పుస్తకాల్లో కాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరిని ముంచెత్తినప్పుడు నేను ఐదో తరగతి. ఇల్లు మునిగి, బంధువుల మేడ మీద తలదాచుకున్నాం. నీళ్లు తీశాక వీధిలోకి ఒక లారీ వచ్చింది. పైనుంచి పొట్లాలు విసురుతుంటే జనం ఎగబడ్డారు. మా నాన్న మాత్రం చెయ్యి చాపలేదు. లారీ దిగి వచ్చిన ఒక కుర్రవాడు 'అన్నా, ఇంట్లో ఎంతమంది ఉన్నారు?' అని అడిగి ఐదు పొట్లాలు చేతికిచ్చాడు. అప్పుడు తీసుకున్నారు. ఆ పులిహోరలో ఉప్పు కాస్త ఎక్కువైంది. అదీ గుర్తుంది.

ముందు ఖాళీ చేతులతో వెళ్లండి

మొదటి వారం భోజనం తీసుకెళ్లవద్దు. రాత్రి తొమ్మిది దాటాక ముగ్గురు నలుగురు కలిసి బస్టాండు, రైల్వే స్టేషను, పెద్దాసుపత్రి పరిసరాలు ఒకసారి తిరిగి రండి. పగలు కనిపించేవారందరూ అక్కడ పడుకునేవారు కారు. రాత్రి అక్కడ పడుకునేవారిలో చాలామంది పగలు కూలికి వెళ్లి ఉంటారు, మీకు కనిపించరు. జనగణన వాళ్లు కూడా ఇల్లు లేనివారిని రాత్రిపూటే లెక్కిస్తారు. 2011లో అందుకోసం ఫిబ్రవరి 28 రాత్రిని కేటాయించారు.

తిరిగి చూస్తే 'నిరాశ్రయులు' అని మీరు ఒక్క మాటలో అనుకున్నవారు ఒక్క రకం కాదని తెలుస్తుంది. ఏళ్ల తరబడి అదే గోడ పక్కన కాపురం పెట్టిన కుటుంబాలు కొన్ని. ఆసుపత్రిలో మనిషిని చేర్చి, గది అద్దెకు తీసుకునే స్తోమత లేక బయట దుప్పటి పరుచుకున్నవారు కొందరు. వీళ్లకు పల్లెలో ఇల్లుంటుంది, కానీ ఆ పది రోజులూ లేనట్టే. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు పిల్లాపాపలతో బయలుదేరి, మూటల మీద కూర్చుని బండి కోసం ఎదురుచూసేవారు ఇంకొందరు. మొదటివారిని కూర్చోబెట్టి వడ్డించాలి. ఆసుపత్రి దగ్గరివారికి పొట్లమే మేలు, ఎందుకంటే మంచం దగ్గర ఇంకొకరు కాచుకుని ఉంటారు. ప్రయాణంలో ఉన్నవారికి మరునాటి ఉదయం దాకా నిలిచే పొడి పదార్థం కావాలి. బొరుగులు, వేయించిన వేరుశనగలు, అరటిపండ్లు ఇస్తే చాలు.

వెళ్లినప్పుడు ఒక్క ప్రశ్న తప్పనిసరిగా అడగండి: 'ఇక్కడ ఏ రోజు ఎవరు భోజనం పెడతారు?' మేము ఆ ప్రశ్న అడగకుండా ఒక పండగ రోజు వెళ్లాం. అప్పటికే రెండు బృందాలు పెట్టి వెళ్లాయి. మేము బలవంతంగా ఇచ్చిన పొట్లాలను మర్యాద కోసం తీసుకున్నారు. సాయంత్రానికి వాటిని కుక్కలు లాగుతున్నాయి. మరునాడు మాత్రం అదే చోట పెట్టేవారు ఎవరూ లేరు. పుట్టినరోజులకు, పండగలకు అన్నదాతలు ఎక్కువ. మామూలు రోజులకే కరువు. ఐదు రూపాయలకు భోజనం పెట్టే అన్న క్యాంటీన్లకు ఆదివారం సెలవు కాబట్టి ఆ రాత్రి భోజనం చాలామందికి నిజంగా అవసరం. మేము చివరకు ఆదివారం రాత్రినే ఎంచుకున్నాం.

ఎవరితో కలిసి, ఎక్కడ

సొంత బృందం, సొంత పేరు, సొంత బ్యానరు అనే ఉత్సాహాన్ని నెల రోజులు పక్కన పెట్టండి. ఊళ్లో ఇప్పటికే గుళ్లు, మసీదులు, చర్చీలు, యువజన సంఘాలు ఏదో ఒక రోజు భోజనం పెడుతూనే ఉంటాయి. వాటిలో ఒకదానితో నాలుగు వారాలు పనిచేస్తే, మీరు సొంతంగా చేయబోయే పొరపాట్లలో సగం అక్కడే తెలిసిపోతాయి. జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్)లో ఉన్నవారికి ఏడాదికి 120 గంటల సేవ లెక్క చూపించాల్సి ఉంటుంది. ఆ లెక్కలో ఇది చేరుతుందేమో ప్రోగ్రాం ఆఫీసరును ముందే అడగండి. చేరకపోయినా వస్తానన్నవారిని బృందంలోకి తీసుకోండి.

చోటు విషయంలో నా సలహా ఒక్కటే: పైకప్పు, నీళ్లు ఉన్న చోటు వెతకండి. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున నిరాశ్రయులకు వసతి గృహం ఉండాలని, అది ఏడాది పొడవునా, రాత్రింబవళ్లు తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2011 నాటికే కర్నూలు జనాభా 4 లక్షలు దాటింది కాబట్టి కనీసం నాలుగు ఉండాలి. మీ దగ్గరలోని వసతి గృహం ఎక్కడుందో నగరపాలక సంస్థ కార్యాలయంలో అడిగి తెలుసుకుని, అక్కడి నిర్వాహకులతో మాట్లాడి రోజు ఖాయం చేసుకోండి. రోడ్డు పక్కన పెట్టక తప్పకపోతే ఆ ప్రాంత పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి రండి. ఆసుపత్రి ఆవరణలో అనుమతి లేకుండా గుండిగ దించవద్దు.

వంట లెక్క

నూరు మందికి, అందులో పిల్లలు పాతిక మంది ఉంటారనుకుంటే, మా నోట్‌బుక్‌లో స్థిరపడిన లెక్క ఇది. బియ్యం 13 కిలోలు. సాంబారుకు కందిపప్పు 3 కిలోలు, కూరగాయలు 6 కిలోలు. పెరుగు 6 లీటర్లు, మజ్జిగ చేస్తే 15 లీటర్లు దాటుతుంది. నూనె 2 లీటర్లు. గుడ్లు 110. తాగడానికి 20 లీటర్ల నీళ్ల క్యాన్లు మూడు. విస్తళ్లు 130. రోజంతా మూటలు మోసిన మనిషి తిండి, హాస్టల్ మెస్‌లో మీరు తినే తిండి ఒకటి కాదని గుర్తుంచుకుని లెక్క వేయండి. కిలో బియ్యం వండితే రెండున్నర కిలోలకు పైగా అన్నం అవుతుంది.

బియ్యం పాతవి కొనండి. సోనా మసూరి అయినా కొత్త బియ్యం అయితే పెద్ద గుండిగలో అడుగు ముద్దవుతుంది, పైన పలుకు మిగులుతుంది. పాత బియ్యం బాగా ఒదుగుతుంది, మెతుకు విడివిడిగా ఉంటుంది. పళ్లు లేని అవ్వలు, తాతల కోసం రెండు కిలోలు విడిగా, మెత్తగా వండించండి. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. ఒక అవ్వ సాంబారు అన్నాన్ని పావుగంట సేపు వేళ్లతో మెదుపుతూ కూర్చోవడం చూసి తెలుసుకున్నాను.

ఒక మే నెలలో పెరుగన్నం చేశాం. ఉదయం పది గంటలకు, ఇంకా పొగలు వస్తున్న అన్నంలో పెరుగు కలిపి, గుండిగకు మూత బిగించి, ఒంటిగంటన్నరకు తెరిచాం. మూత తీయగానే వాసన. ఎండ నలభై రెండు డిగ్రీలు. మొత్తం పారబోశాం, దగ్గరి హోటల్లో ఇడ్లీలు కొని పంచాం. అన్నంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. కాబట్టి వండిన రెండు గంటల్లోగా వడ్డన మొదలుకావాలి, వేసవిలో ఇంకా ముందే. గుండిగ నుంచి తీసిన అన్నం చేతికి చురుక్కుమనాలి. పెరుగన్నం మానేసి మజ్జిగను విడిగా తీసుకెళ్లండి. దూరం తీసుకెళ్లాల్సి వస్తే పులిహోర మేలు. చింతపండు పులుపు, నూనె ఉన్న అన్నం తెల్లన్నం కంటే నిలుస్తుంది. పొట్లాలు కట్టేటప్పుడు వేడి అన్నాన్ని కవర్లో మూయవద్దు, చెమట పట్టి పాడవుతుంది.

వంట మీరే చేస్తామని పంతం పట్టవద్దు. నూరు మందికి వండడం చేయి తిరిగినవారి పని. వంటమాస్టరుకు కూలి ఇచ్చి పిలిపించుకుని, కూరగాయలు తరగడం, పప్పు ఏరడం మీరు చేయండి. ఒకసారి ఒక పెద్దాయన 'సంగటి లేదా నాయనా?' అని అడిగారని, మరుసటి వారం ముప్పై మందికి రాగి సంగటి, వేరుశనగ పచ్చడి చేయించాం. సంగటి తెడ్డు పట్టిన మా ఇంజినీరింగ్ కుర్రవాడు రెండు రోజులు భుజం పైకెత్తలేదు. కానీ ఆ రోజు పెద్దవాళ్ల విస్తళ్లలో ఒక్క ముద్ద మిగలలేదు.

పని పంపకం

నూరు మందికి పన్నెండు మంది చాలు. ఇరవై అయితే ఎనిమిది మంది ఫోన్లు చూస్తూ నిలబడతారు. అన్నానికి ఇద్దరు, సాంబారుకు ఇద్దరు, గుడ్డు, మజ్జిగలకు ఒక్కొక్కరు, నీళ్లకు ఇద్దరు, చేతులు కడిగించడానికి ఒకరు, విస్తళ్లు పరచడానికీ తీయడానికీ ఇద్దరు, ఏ పనీ లేకుండా అంతా చూసేవారు ఒకరు. ఆ చివరి మనిషిని తేలిగ్గా తీసుకోవద్దు. అన్నం ఎంత మిగిలింది, ఇంకా ఎంతమంది వస్తున్నారు, ఎవరికి అందలేదు అనేది చూసేది ఆ ఒక్కరే. గోళ్లు కత్తిరించుకుని, జుట్టు కట్టుకుని రండి. జ్వరం, విరేచనాలు ఉన్నవారు ఆ వారం రావద్దు. కొత్త బట్టలు వేసుకోవద్దు. సాంబారు మరక పోదు, పైగా చిరిగిన చీర ముందు జరీ అంచు బాగోదు.

వడ్డన

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. వరుసలో చివర కూర్చున్నవారికి మీరు 'మనవాడు' కావాలి. అందుకు మంచి మనసుతో పాటు కొంత పనితనం కావాలి.

వరుసలో నిలబెట్టడం కంటే కూర్చోబెట్టడం మేలు. జంపఖానాలు పరిచి, ఎదురెదురు వరుసల్లో, మధ్యలో వడ్డించేవారు నడిచేంత చోటు వదలండి. కుటుంబాన్ని విడదీయవద్దు. ఆడవారు ఒక వైపు, మగవారు ఒక వైపు అని మీరు నిర్ణయించవద్దు, వాళ్ల ఇష్టం. ముందు చేతులకు నీళ్లు, తరువాత విస్తరి. అన్నం ఒకేసారి కొండలా పోయవద్దు, రెండు హస్తాలు వేసి ఆగండి. ఎక్కువ వేస్తే తినలేక వదిలేస్తారు, లేదా మళ్లీ దొరకదేమోనన్న భయంతో మూట కట్టుకుంటారు. మారు వడ్డన ఉంటుందని మొదటే గట్టిగా చెప్పండి. ఆ ఒక్క మాటతో తోపులాట సగం తగ్గుతుంది.

సాంబారు బకెట్టు ఎడమ చేతిలో, గరిటె కుడి చేతిలో. ప్రతి విస్తరి దగ్గరా నడుము వంచండి, నిలబడి పైనుంచి పోస్తే మరిగే సాంబారు వాళ్ల వేళ్ల మీద చిమ్ముతుంది. అన్నం మధ్యలో గుంట చేసుకున్నాకే పోయండి. పోసే ముందు ప్రతిసారీ గరిటెను బకెట్టు అడుగుదాకా దించి ఒక్కసారి తిప్పండి. తిప్పకపోతే ముక్కలన్నీ అడుగున ఉండిపోతాయి. మొదటి పదిమందికి నీళ్లు, ఆఖరివారికి పప్పు ముద్ద. అదే తొందరలో ముందువారికే ముక్కలు ఏరి వేస్తే చివరికి పులుసు మిగులుతుంది. మేము బకెట్టును సగమే నింపుతాం, మోసేవారికి సులువు, కలపడమూ సులువు. రెండో విడతను ఎప్పుడూ మొదటి విడత ముగిసిన చోటు నుంచి మొదలుపెట్టండి. కడపటివారికి ఈసారి ముందు అందుతుంది.

గుడ్డు అడిగి వేయండి, తిననివారు ఉంటారు. తీపి వడ్డించే రోజు చక్కెర జబ్బు ఉన్న పెద్దవారిని కొసరి కొసరి బలవంతపెట్టవద్దు. రంజాన్ నెలలో రాత్రి భోజనం వేళను సూర్యాస్తమయం కాగానే ఉండేలా మార్చి, ముందుగా ఖర్జూరం, నీళ్లు పెట్టండి. ఉపవాసం ఉన్నవారు మీ కోసం కాచుకోవాల్సిన అవసరం ఉండదు. మంచం పట్టిన మనిషి ఉన్నాడనో, పాపకు నిద్ర పట్టిందనో పొట్లం అడిగితే నిజమా అని ఆరా తీయవద్దు, కట్టి ఇవ్వండి. అబద్ధమైతే పోయేది పిడికెడు అన్నం.

మాట

'అవ్వా, తాతా, అక్కా, అన్నా' అని పిలవండి, ఎవరినైనా 'మీరు' అనండి. వయసులో మీకంటే చిన్న తల్లులు కూడా ఉంటారు, వాళ్లను 'అమ్మా' అంటే చాలు. ఈ ఊళ్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు చాలామంది, ఆదోని వైపు నుంచి వచ్చినవారిలో కన్నడం మాట్లాడేవారూ ఉంటారు. ఆ భాషలు వచ్చిన స్నేహితుణ్ని వెంట తీసుకెళ్లండి.

'ఇల్లెందుకు లేదు, కొడుకులు చూడరా, పని చేసుకోవచ్చు కదా' అనే ప్రశ్నలు నోటి దాకా వస్తాయి. రానివ్వవద్దు. 'ఉప్పు సరిపోయిందా, కారం ఎక్కువైందా' అని అడగండి. ఒక అక్క నాకు సాంబారులో బెల్లం ముక్క వేయకూడదని, తన ఊళ్లో పెళ్లి వంటల్లో ఎలా చేసేదో పది నిమిషాలు చెప్పింది. తరువాతి వారం వంటమాస్టరు పక్కన నిలబడి తాలింపు వేసింది. మూడో వారం నుంచి ఆమెకు కూలి ఇస్తున్నాం.

ఫొటో తీయవద్దు. దాతలకు లెక్క చూపించాలంటే గుండిగలను, బిల్లులను తీయండి. తినేవారి ముఖాన్ని, ముఖ్యంగా పిల్లల ముఖాన్ని, ఎక్కడా పెట్టవద్దు. పిల్లలకు డబ్బు ఇవ్వవద్దు, ఒంటరిగా ఎక్కడికీ తీసుకెళ్లవద్దు.

గొడవ జరిగితే

తాగి వచ్చినవారు ఉంటారు. వాదించవద్దు. విస్తరి వేసి, కాస్త దూరంగా కూర్చోబెట్టి, బృందంలో పెద్దవారు ఒకరు పక్కన ఉండండి. కొట్లాట దాకా వస్తే వడ్డన ఆపి 112కు ఫోను చేయండి. అన్నం అయిపోతుందని తెలిసిన క్షణమే చివరన నిలబడినవారికి చెప్పండి. అరగంట నిలబెట్టి 'అయిపోయింది' అనడం మించిన అవమానం లేదు. మేము అలాంటి వేళకు బ్రెడ్డు, అరటిపండ్లు ఒక సంచిలో దాచి ఉంచుతాం.

అన్నంతో పాటు

నాలుగైదు వారాలు వరుసగా వెళ్తే వాళ్లే మీతో మాట కలుపుతారు. అప్పుడు పనికొచ్చే సమాచారం మీ దగ్గర ఉండాలి. రేషన్ కార్డు ఉన్నవారు సొంత ఊరికి వెళ్లకుండా ఉన్న చోటే బియ్యం తీసుకోవచ్చు. పొయ్యి లేని మనిషికి బియ్యం ఏం చేసుకోవాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది, దానికి నా దగ్గర జవాబు లేదు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098, దిక్కులేని వృద్ధుల కోసం 14567, ఒంట్లో బాగాలేకపోతే 108. ఈ నంబర్లు బృందంలో అందరి ఫోన్లలో ఉండాలి. వసతి గృహానికి వస్తామన్నవారిని మీరే నడిపించుకుని వెళ్లి నిర్వాహకులకు అప్పగించండి, అడ్రసు చెప్పి పంపితే పది మందిలో ఇద్దరు చేరతారు. ఆధార్ పోగొట్టుకున్నవారితో కేంద్రానికి వెళ్లి వరుసలో నిలబడడం, నా లెక్కలో, వంద విస్తళ్లు వడ్డించడంతో సమానం. మాట ఇచ్చి మరిచిపోవడం మాత్రం చేయవద్దు. 'వచ్చే వారం దుప్పటి తెస్తా' అన్నారంటే వాళ్లు ఏడు రోజులూ లెక్కపెడతారు.

చివరి పని

విస్తళ్లు ఎత్తి, నేల ఊడ్చి, చెత్తను మీ వెంట తీసుకెళ్లి నగరపాలక సంస్థ చెత్తబండికి ఇవ్వండి. మీరు మురికి చేసి వెళ్తే మరునాడు అక్కడి నుంచి తరిమేది మిమ్మల్ని కాదు, అక్కడ పడుకునేవారిని. మిగిలిన అన్నాన్ని రేపటికి దాచవద్దు. వేడిగా ఉండగానే ఇంకో చోట పంచగలిగితే పంచండి, లేకపోతే పశువులకు పెట్టండి. గుండిగలు ఆ రాత్రే తోమాలి, పొద్దున్నకు సాంబారు ఎండి రాయిలా పట్టుకుంటుంది.

ఇంటికి వెళ్లే ముందు నోట్‌బుక్ తీయండి. పోయిన ఆదివారం మా పుటలో ఇలా ఉంది: '84 మంది. పిల్లలు 19. అన్నం రెండు కిలోలు మిగిలింది. సాంబారు ఐదో వరుసలో అయిపోయింది, ఈసారి పప్పు అర కిలో పెంచాలి. మజ్జిగలో ఉప్పు తక్కువ. గోడ పక్క తాత రాలేదు, కనుక్కోవాలి.'